పెద్దవాళ్ల కేర్ సర్వీసు, విశాఖపట్నం: మూడున్నర స్టార్లు

అమ్మకు 71. వన్‌టౌన్‌లో, బురుజుపేట ఇంట్లో ఒక్కర్తే ఉంటుంది. నాకు పుణెలో ఉద్యోగం. నా దగ్గరికి వచ్చెయ్యమంటే "అక్కడ నాకెవరున్నార్రా?" అంటుంది. అందుకని నెలకు రూ.4,500 కట్టి, ఇంటికొచ్చి పెద్దవాళ్లను చూసుకునే సర్వీసు పెట్టించాను. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి పెట్టించుకోబోయేవాళ్లకు పనికొస్తుందని ఈ నాలుగు మాటలు.

వారానికి రెండుసార్లు వచ్చే అమ్మాయి మంచి పనిమంతురాలు. బీపీ, షుగరు చూసి యాప్‌లో పెడుతుంది. మాత్రల డబ్బా మూతల మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసింది, అమ్మకు సన్నక్షరాలు కనిపించవని. అది కంపెనీ చెప్పి చేయించింది కాదు. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ఓపీ చీటీ నుంచి ఆటో దాకా అన్నీ తనే చూసుకుంటుంది. కాబట్టి డబ్బు దండగ అనను.

పేచీ అంతా రిపోర్టుతోనే. ఎప్పుడు చూసినా చివర "మూడ్: హ్యాపీ". ఎదురుగా కూర్చుని గట్టిగా అడుగుతారు, అమ్మ తలూపుతుంది, టిక్కు పడిపోతుంది.

ఒక గురువారం రాత్రి ఎదురింటి పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆవిడతో మాకు చుట్టరికం ఏమీ లేదు. కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర భజన జట్టులో అమ్మ పక్కన కూర్చుంటుంది. ఆ గుడి తెలియనివాళ్లకు చెప్తున్నాను, అక్కడ అమ్మవారికి పైకప్పు ఉండదు, ఎవరి పసుపు కుంకుమ వాళ్లే తమ చేత్తో వేసి పూజ చేసుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో అయితే ఇక ఇసకేస్తే రాలదు. నాన్న పోయాక గడప దాటని అమ్మను ముందుగా అక్కడికే లాక్కెళ్లారు వీళ్లంతా.

"ఏటి బాబూ, మీ అమ్మ ఈమధ్య పాట అందుకోవట్లేదు. నేను ఎత్తుకుంటే నా నోటివంకే చూస్తోంది. సగం అయ్యాక గానీ గొంతు కలపదు. ఓసారి చెవులు చూపిద్దుమా?"

పెదవాల్తేరు ఈఎన్‌టీ ఆసుపత్రిలో చూపిస్తే రెండు చెవులకూ వినికిడి బాగా తగ్గిందన్నారు. అదే వారం యాప్‌లో "అన్నీ నార్మల్" అని వచ్చింది. అబద్ధమేం కాదు లెండి, వాళ్ల ఫారంలో చెవులకు గడే లేదు. ఆ అమ్మాయిని తప్పుపట్టను. మా అమ్మ ఏ పాట ఎక్కడ అందుకుంటుందో తనకెలా తెలుస్తుంది? ఇప్పుడు మెషిన్ పెట్టుకుని, ఫ్యాను చప్పుడు భరించలేకపోతున్నానని అమ్మ గొడవ.

సర్వీసు మాన్పించలేదు, ఇంకో మూడు నెలలకు కట్టాను. కానీ ఒకటి మార్చాలి. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలనే చోట భర్త, కొడుకు, కూతురు, అంతే. నేను పుణె నుంచి బయల్దేరి వచ్చేసరికి ఎంతసేపవుతుంది? పెద్దమ్మ వీధి దాటితే చాలు. కస్టమర్ కేర్‌లో అడిగితే "బ్లడ్ రిలేషన్ అయుండాలి సార్" అన్నారు. చేసేది లేక, అమ్మకంటే రెండేళ్లు పెద్దదైన ఆవిడని "కూతురు" అని ఎక్కించాను. ఇప్పుడు వాళ్లు ఆవిడకి ఫోన్ చేసి "మేడమ్, మీ మదర్‌కి బీపీ కొంచెం ఎక్కువుంది" అంటే, "ఆవకాయ మానెయ్యమని నేనూ చెప్తూనే ఉన్నాను, వింటేనా!" అంటోందట.