ఆర్ప్ సోలీనా: వయొలిన్ కోసమైతే కొనకండి

బరంపురం చుట్టుపక్కల మెలోడీ పార్టీల్లో కీబోర్డు వాయించేవాళ్లకి స్ట్రింగ్స్ అంటే ఇప్పుడు ఒక్క బటన్. నొక్కితే రికార్డు చేసిన అసలు వయొలిన్లే పలుకుతాయి. మరి స్ట్రింగ్స్ శబ్దం కోసమే చేసిన 1970ల నాటి కీబోర్డు, ఈ సోలీనా స్ట్రింగ్ ఎన్‌సాంబుల్ ఎందుకంటారా? కోల్‌కతాలో ఒక పాత స్టూడియో సామాను అమ్మేస్తుంటే మా చిన్నాన్న దీన్ని పట్టుకొచ్చారు. పేరు అమెరికా కంపెనీ ఆర్ప్‌ది, తయారీ మాత్రం హాలెండ్‌లోని ఎమినెంట్ అనే ఆర్గాన్ కంపెనీది. 1974లో వచ్చింది. 49 మీటలు.

దీంట్లోని శబ్దాల్లో ట్రంపెట్, హార్న్ గురించి చెప్పుకోవడానికేం లేదు. చెల్లో, కాంట్రాబాస్ (వయొలిన్ జాతిలోని మంద్ర వాద్యాలు) ఎడమచేతి వైపు మీటల్లోనే పలుకుతాయి. వయోలా, వయొలిన్ కలిపి వాడితేనే దీని సత్తా తెలుస్తుంది.

ఒక్క ధ్వనిని గుంపుగా వినిపించే ఎఫెక్టు పేరు కూడా ఎన్‌సాంబులే, మా దాంట్లో దాన్ని ఆపే వీలుంది. ఆపి వింటే ముక్కుతో పాడినట్టుంటుంది. పై ఆక్టేవ్‌ (స్థాయి)లోని 12 స్వరాలను పుట్టించి, వాటి ఫ్రీక్వెన్సీని సగానికి సగం చేసుకుంటూ కింది ఆక్టేవ్‌లు తయారు చేస్తారు. ఎన్ని మీటలు నొక్కినా అన్నీ పలకడానికి కారణం అదే, కదలిక లేకపోవడానికీ అదే. ఎన్‌సాంబుల్ వేయగానే ఆ ధ్వని మూడు డిలే లైన్లలోకి, అంటే ధ్వనిని కాస్త ఆలస్యం చేసే సర్క్యూట్లలోకి చీలుతుంది. ఒక్కోదాంట్లో ఆలస్యం నెమ్మదిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, దాని మీద ఇంకో వేగమైన వణుకు. మూడూ ఒకేసారి ఊగవు, దేని వరస దానిదే. కలిపి వింటే ఒక్క మీట నుంచే పది మంది వాయిస్తున్నట్టు అనిపిస్తుంది. ఇలా ఆలస్యం చేసే చిప్‌ పద్ధతిని బకెట్ బ్రిగేడ్ డిలే అంటారు. అది కూడా డచ్చివాళ్లదే, 1969లో ఫిలిప్స్ ల్యాబులో పుట్టింది.

"ఒరేయ్, దీని మీద రాగం తీయకు. కార్డు పట్టి ఉంచు చాలు" అంటారు చిన్నాన్న. కార్డు అంటే ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు. నిజమే, గమకం దీని వల్ల కాదు. మీటను గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే శబ్దం. కానీ క్రెసెండో (శబ్దం మెల్లగా పైకి లేచేలా చేసే కంట్రోలు) కొంచెం పెంచి, పాడేవాళ్ల వెనక రెండు కార్డులు మెల్లగా మార్చి చూడండి. కొత్త కీబోర్డులో వయొలిన్ల కమాను గీత గొంతుకి అడ్డొస్తుంది. ఇందులో కమానే లేదు, మాట స్పష్టంగా వినిపిస్తుంది.

బాధలూ ఉన్నాయి. పాట ఆగగానే డిలే నుంచి సుయ్‌మనే హిస్. గోపాలపురం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మీటల కింది కాంటాక్టులు తుప్పు పడతాయి. ఠాకురాణి అమ్మవారి యాత్రలో స్టేజీ ఎక్కించే ధైర్యం నాకైతే లేదు. రికార్డింగుకే.

కొనేముందు మీటలన్నీ ఒక్కొక్కటే నొక్కండి. ఒక్క మీటే పలక్కపోతే కాంటాక్టు మురికి, మామూలు రిపేరువాళ్లే శుభ్రం చేస్తారు. ఒకే స్వరం ఒక ఆక్టేవ్ నుంచి కిందికి మొత్తం పోయిందంటే ఫ్రీక్వెన్సీని సగం చేసే డివైడర్ చిప్ పోయినట్టు. డిలే చిప్ పోయిన సెట్టు అయితే దానికి చిప్పు వెతకడమే పెద్ద టెన్షన్, సగం ధరకి బేరమాడండి.