ఒకే నీళ్లలో కాపురం: నా మొక్కల అక్వేరియం సమీక్ష

120 లీటర్ల ట్యాంక్, ఓ మోస్తరు లైటు, వెనక వేలాడే ఫిల్టర్, అడుగున సన్నటి ఇసుక. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లాంటి హంగులేవీ లేవు. ఇందులో నియాన్ టెట్రాల గుంపు, అడుగున తిరిగే కోరిడోరస్‌లు (కోరీలు), పాచి గీకే ఒక బ్రిసిల్‌నోజ్ ప్లెకో ఉన్నాయి. మొక్కల్లో వల్లిస్నేరియా, జావా ఫెర్న్, అనుబియాస్, క్రిప్టోకోరైన్, ఒక అమెజాన్ స్వోర్డ్. ఏళ్ల తరబడి చూశాక చెబుతున్నాను, ఒక్కదాన్ని మినహాయిస్తే ఈ జట్టు భేషుగ్గా కుదిరింది. ఆ ఒక్కటీ చేప కాదు, మొక్క. దాని సంగతి చివర్లో.

ట్యాంక్ పెట్టాలనుకునే ప్రతివాళ్లూ ముందుగా అడిగేది ఏ చేప దేన్ని కొరుకుతుందనే. నన్నడిగితే అంతకంటే ముందు చూసుకోవలసింది కుళాయి నీళ్లు. గప్పీ, మోలీ, ప్లాటీలకు పీహెచ్ 7 దాటిన కఠిన జలం పడుతుంది. నియాన్లు అమెజాన్ పరివాహక ప్రాంతపు చేపలు, వాటికి కాస్త ఆమ్ల గుణమున్న మెత్తటి నీళ్లు కావాలి. ఫారాల్లో పుట్టిపెరిగినవి పీహెచ్ 7.5 దాకా సర్దుకుంటాయి కాబట్టి నా దగ్గర నెగ్గుకొచ్చాయి. నీళ్లు అంతకంటే కఠినంగా ఉంటే నియాన్ల జోలికి పోకుండా గప్పీలతోనే సరిపెట్టుకునేవాణ్ని. మందు పోసి పీహెచ్ దించితే, నీళ్లలోని కార్బనేట్లు దాన్ని మళ్లీ పైకి లాగేస్తాయి. ఆ ఎక్కడం, దిగడమే చేపకు ఎక్కువ చేటు. ఉన్న నీళ్లకు తగ్గ చేపను తెచ్చుకుంటే ఏ టెన్షనూ ఉండదు.

తర్వాత చూడాల్సింది వేడి. నియాన్లకూ కోరీలకూ 22 నుంచి 26 డిగ్రీలు చాలు. డిస్కస్ చేపకు 28 పైమాటే కావాలి. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ల జీవి, పైగా లేత మొక్కలన్నీ మేసేస్తుంది, ట్యాంక్‌ను మురికి చేయడంలోనూ దానిదే పైచేయి. అందుకే ఈ రెండూ మొదట్లోనే జాబితాలోంచి పోయాయి.

నియాన్లను గుంపుగానే తేవాలి. ఆరు కంటే తక్కువుంటే బెదిరిపోయి మూలల్లో దాక్కుంటాయి, పదీ పన్నెండుంటే ట్యాంకంతా వాటిదే. లైటు ఆర్పాక వాటి రంగు వెలిసిపోతుంది. పొద్దున లైటు వేయగానే చూస్తే నీలం చార ఉందా లేదా అన్నట్టుంటుంది, ఎరుపు బూడిద రంగులో కనిపిస్తుంది. కాసేపటికి మామూలు రంగులోకి వచ్చేస్తాయి. కొత్తవాళ్లు జబ్బేమోనని కంగారుపడి మందులు పోస్తుంటారు, అవసరం లేదు.

కోరీల కోసమే ఇసుక వేశాను. ఇవి కళ్లదాకా మూతి ఇసుకలో దూర్చి, తిండి ఏరుకుని, ఇసుకను మొప్పల్లోంచి బయటికి వదిలేస్తాయి. రెండు వైపులా సన్నగా ఇసుక రాలుతుంటే చూడటం నాకు నియాన్ల ఈతకంటే ఇష్టం. పదునైన రాళ్లు పరిస్తే ఈ పనికి వీలుండదు, మూతి మీసాలూ దెబ్బతింటాయి. అప్పుడప్పుడు ఒక్క ఉదుటున పైకెళ్లి గాలి మింగి వస్తాయి. పేగుతో కూడా గాలి పీల్చుకోగల చేపలవి కాబట్టి ఎప్పుడో ఒకసారైతే కంగారు అక్కర్లేదు. అదే పనిగా పైకెళ్తుంటే మాత్రం నీళ్లలో ఆక్సిజన్ చూసుకోవాలి. ఇవి అడుగున, నియాన్లు మధ్యలో. ఎవరి దారి వారిది.

నియాన్లతో ఏంజెల్ ఫిష్ బాగుంటుందని దుకాణాల్లో తెగ చెబుతారు. పిల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. పెద్దదయ్యాక నోట్లో పట్టేదల్లా దానికి తిండే, నియాన్ సరిగ్గా ఆ కొలతకే ఉంటుంది. టైగర్ బార్బ్‌లది ఇంకో పేచీ. పొడవాటి రెక్కలున్న చేప పక్కనుంటే చివర్లు కొరక్కుండా ఉండలేవు, తక్కువ సంఖ్యలో ఉంటే మరీనూ. బెట్టాకు, ఫ్యాన్సీ గప్పీలకు వీటితో పొత్తు వద్దు.

అద్దం శుభ్రం చేస్తుందని అమ్మే మామూలు సక్కర్ ఫిష్ కొనేటప్పుడు వేలెడంతే ఉంటుంది, పెరిగితే అడుగు పొడవు దాటుతుంది. 120 లీటర్లలో దాన్ని పెట్టడం అన్యాయం. నా దగ్గరున్న బ్రిసిల్‌నోజ్ 15 సెంటీమీటర్ల లోపే ఆగిపోతుంది. పాచి గీకే పని శ్రద్ధగా చేస్తుంది. పాచి ఒక్కటే దాని కడుపు నింపదు కాబట్టి కీరదోస ముక్క, నమలడానికి ఒక చెక్క దుంగ ఇవ్వాలి.

ఇక మొక్కలు. దుకాణంలో నిగనిగలాడే మొక్కలు చాలావరకు నీళ్ల పైన పెంచినవే. ట్యాంక్‌లోకి రాగానే పాత ఆకులు కరిగిపోయి, నీళ్లకు తగిన కొత్తాకు వస్తుంది. క్రిప్టోకోరైన్ అయితే చోటు మార్చినా అలిగి ఆకులన్నీ రాల్చేస్తుంది. పీకి పారేయకుండా వేరును అలాగే ఉంచితే మళ్లీ చిగురిస్తుంది. అసలు నీటి మొక్కలే కానివాటినీ అక్వేరియం మొక్కలని అంటగడతారు, లక్కీ బ్యాంబూ అందులో ఒకటి. పూర్తిగా ముంచితే మెల్లగా కుళ్లిపోతుంది.

అనుబియాస్, జావా ఫెర్న్‌లకు అడ్డంగా పాకే లావుపాటి కాండం ఉంటుంది. దాన్ని ఇసుకలో పాతితే కుళ్లుతుంది. దారంతో రాయికో చెక్కకో కట్టి వదిలేస్తే చాలు, తక్కువ లైటులో కూడా బతుకుతాయి. ఎదుగుదల మాత్రం నత్తనడకే. వల్లిస్నేరియా దీనికి పూర్తిగా వ్యతిరేకం. తీగలు పాకించి పిలకలు వేసుకుంటూ వెనకవైపంతా ఆక్రమించింది, నెలనెలా పీకక తప్పట్లేదు. నీళ్లలోని బైకార్బనేట్‌ను కూడా వాడుకోగలదు కాబట్టి కఠిన జలమైనా దానికి దిగులు లేదు. లిక్విడ్ కార్బన్ పేరుతో అమ్మే గ్లూటరాల్డిహైడ్ మందు మాత్రం దానికి పడదు, ఆకులు జావలా కరుగుతాయి. పచ్చిక తివాచీలా పరుచుకునే పొట్టి మొక్కలు ఫొటోల్లో బాగుంటాయి గానీ, వాటిలో చాలావాటికి గట్టి లైటు, కార్బన్ డయాక్సైడ్ కావాలి. నా ట్యాంక్‌కు ఆ మోజు నప్పదు.

లైటు రోజుకు 7 గంటలకు మించి వేయను. అంతకు మించితే మొక్కలకంటే ముందు పాచి పండగ చేసుకుంటుంది. రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి, ఫిల్టర్ నీరు పైన చిన్న అలలు రేపేలా పెట్టాను. మొక్కలు దట్టంగా ఉన్న ట్యాంక్‌లో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ముందు చూడాల్సింది ఇదే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు మొక్కలు పెట్టి, ఫిల్టర్‌లో బ్యాక్టీరియా స్థిరపడే 4 నుంచి 6 వారాలు ఆగాలి. ఆ బ్యాక్టీరియాకూ తిండి కావాలి కాబట్టి కొద్దికొద్దిగా అమ్మోనియా అందించాలి. అది అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపలకు విషమే. టెస్ట్ కిట్‌లో ఆ రెండూ సున్నా చూపించాక కోరీలు, ఆ తర్వాత కొన్నాళ్లకు నియాన్లు. అన్నీ ఒకే రోజు తెచ్చి పోస్తే ఎంత మంచి జోడీ అయినా చెడుతుంది.

ఇక ఆ మినహాయింపు. అమెజాన్ స్వోర్డ్‌కు ఆకలెక్కువ, వేళ్ల దగ్గర ఎరువు బిళ్లలు గుచ్చుతూ ఉండాలి. అది నాకు పెద్ద పని కాదు. ఇబ్బందల్లా ప్లెకోతోనే. రాత్రిళ్లు ఆ వెడల్పాటి ఆకుల మీద చేరి, పాచితో పాటు పచ్చదనమూ గీకేస్తుంది. మిగిలేది ఆకు ఈనెలకు మధ్య సన్నటి పొర, వెనకున్న లైటు అందులోంచి కనబడుతుంది. కీరదోస ఎక్కువేసినా మానలేదు. పక్కనే ఉన్న అనుబియాస్ ఆకు మందం కాబట్టి దాన్ని ముట్టుకోదు. ఈసారి స్వోర్డ్ తీసేసి ఆ చోట ఇంకో అనుబియాస్ కడుతున్నాను.