సైడ్‌కార్ రేస్ ఇంజిన్: ట్రయంఫా, నార్టనా, బీఎండబ్ల్యూనా?

రేసులకి పాత సైడ్‌కార్ ఔట్‌ఫిట్ (పక్కన మూడో చక్రంతో తొట్టి తగిలించిన బైక్) కడుతున్నా, ఇంజిన్ ట్రయంఫ్ 650 వేయనా, నార్టన్ 750 వేయనా, లేక బీఎండబ్ల్యూ బాక్సర్ వేయనా అని ఈ మధ్య ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు. చలికాలమంతా ఇదే బుర్ర బద్దలు కొట్టుకుని చివరికి ట్రయంఫ్ కట్టినవాణ్ణి కాబట్టి నా మొగ్గు ఎటో మీకు తెలిసిపోయింది, అయినా ఎందుకో చెప్తా.

అందరూ హార్స్‌పవర్ దగ్గర మొదలెడతారు, నేనైతే ఆయిల్ దగ్గర మొదలెడతా. సోలో బైక్ మలుపులో వాలుతుంది కదా, దాంతో ఆయిల్ కూడా ట్యాంక్ అడుగునే కుదురుగా ఉంటుంది, మలుపు వచ్చిందని దానికి తెలీను కూడా తెలీదు. సైడ్‌కార్ వాలదు. మలుపు తిప్పగానే ఆయిలంతా బయటి గోడకి ఎగబాకి మలుపు అయిపోయేదాకా అక్కడే ఉంటుంది, ఆ నాలుగు సెకన్లలో పంప్ గాలి పీల్చిందంటే బిగ్ ఎండ్ షెల్స్ (పిస్టన్ రాడ్ క్రాంక్‌ని, అంటే ఇంజిన్ ఇరుసుని, పట్టుకునే చోట ఉండే బేరింగులు) పని అయిపోయినట్టే. నాకు స్వయంగా జరిగింది ఇది. సీటు కింద చోటుందని వెడల్పాటి, లోతు తక్కువ ట్యాంక్ చేయించా, పొడుగు మలుపు వచ్చిన ప్రతిసారీ ప్రెజర్ ముల్లు పడిపోయేది, నేనేమో రెండు వారాలు పంప్‌ని తిట్టుకున్నా. సన్నగా, ఎత్తుగా, లోపల అడ్డు రేకులు పెట్టి ఇంకో ట్యాంక్ చేయించాక ముల్లు కదల్లేదు.

ట్రయంఫ్, నార్టన్ లాంటి డ్రై సంప్ బ్రిటిష్ ట్విన్‌లో (రెండు సిలిండర్ల ఇంజిన్‌లో) ఉన్న సుఖం ఇదే, ట్యాంక్ విడిగా ఉంటుంది కాబట్టి మనకి కావల్సిన ఆకారంలో చేసుకోవచ్చు. ఆర్75/5 లాంటి బాక్సర్‌లో ఆయిలంతా ఇంజిన్ కిందే పళ్లెంలో, అంటే సంప్‌లో ఉంటుంది, పైగా సిలిండర్లు అటూ ఇటూ పడుకుని ఉంటాయి కాబట్టి మలుపులో బయటి వైపు హెడ్‌లోకి ఆయిల్ పోయి చేరుతుంది. సంప్ లోతు పెంచి, బాఫిల్స్ (అడ్డు రేకులు) పెట్టి నడిపేవాళ్లున్నారు, బరువు కిందకి ఉండటం దాని పెద్ద ప్లస్, కాదన్ను. కానీ 1954 నుంచి 1974 దాకా, 1968, 1971 తప్ప ప్రతి ఏడాదీ వరల్డ్ టైటిల్ బీఎండబ్ల్యూదే కదా అని నాకు చెప్పకండి, ఆ గెలుపులు వాల్వుల్ని తెరిచే క్యామ్ హెడ్‌లోనే ఉండే ఓవర్‌హెడ్ క్యామ్ రెన్‌స్పోర్ట్ రేస్ ఇంజిన్‌వి, మన చేతికి దొరికే, కడ్డీలతో వాల్వుల్ని తోసే పుష్‌రాడ్ బాక్సర్‌కీ దానికీ బ్యాడ్జి తప్ప చుట్టరికం తక్కువ.

ఇంకో బ్రిటిష్ కంపెనీ బీఎస్‌ఏ గురించి కూడా అడుగుతారు. దాని ఏ65 ఇంజిన్ స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) 74 మి.మీ. మాత్రమే, ఎక్కువ ఆర్‌పీఎంకి భలే తిరుగుతుంది, కానీ టైమింగ్ సైడ్ బుష్ (క్రాంక్ ఒక చివర తిరిగే గొట్టం లాంటి బేరింగ్) గుండా క్రాంక్‌కి ఆయిల్ పోతుంది, బుష్ అరిగితే ప్రెజర్ గోవిందా. ఎండ్ ఫీడ్ కన్వర్షన్ (ఆయిల్‌ని క్రాంక్ చివర నుంచి నేరుగా పంపే మార్పు) చేయించే ఓపిక ఉంటేనే అటు వెళ్లండి.

ఇక అసలు పోటీ. సిలిండర్ వ్యాసం, స్ట్రోక్ మి.మీ.లలో చూస్తే ట్రయంఫ్ 71 x 82, నార్టన్ 73 x 89. 7000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం లెక్కేస్తే ట్రయంఫ్‌కి సెకనుకి 19.1 మీటర్లు, నార్టన్‌కి 20.8. చూడ్డానికి చిన్న తేడానే, కానీ పొడుగు స్ట్రోక్, పెద్ద పిస్టన్ కలిసి క్రాంక్‌ని గుంజే గుంజుడు చాలా ఎక్కువ, నార్టన్ క్రాంక్ ఏమో మూడు ముక్కలు బోల్టులతో బిగించింది, గట్టిగా తిప్పితే వంగుతుంది. 1972 నార్టన్ కాంబాట్ ఇంజిన్‌లో కంప్రెషన్ 10:1కి పెంచితే మెయిన్ బేరింగులు పోయాయి, ఆ తర్వాతే కంపెనీ సూపర్‌బ్లెండ్ అనే గట్టి రోలర్ బేరింగులకి మారింది. ఇద్దరు మనుషుల్నీ మూడు చక్రాల్నీ లాగుతూ రేసంతా ఫుల్ థ్రాటిల్‌లో తిరిగే ఇంజిన్‌కి ఇది చిన్న విషయం కాదు. యూనిట్ ట్రయంఫ్ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండేది) క్రాంక్ ఒకటే ముక్క, ఫ్లైవీల్ మాత్రమే బోల్ట్ చేసి ఉంటుంది. కాకపోతే కట్టే ముందు స్లడ్జ్ ట్రాప్ (క్రాంక్ లోపల ఆయిల్ మడ్డి పేరుకునే గొట్టం) విప్పి శుభ్రం చేయకపోతే ఈ పొగడ్తంతా దండగ.

నార్టన్‌కి దక్కాల్సింది దానికి ఇవ్వాలి కదా, నెమ్మది మలుపు నుంచి బయటకొచ్చేటప్పుడు ఆ అదనపు 100 సీసీ లాగుడు వేరే, గేర్‌బాక్స్ విడిగా ఉండటం ఇంకో లాభం. ట్రయంఫ్‌లో గేర్ పన్ను విరిగితే కేసు కూడా పోయే ప్రమాదముంది.

కార్బ్యురేటర్ ఏ ఇంజిన్‌కైనా ఒకటే మాట, అమాల్ మోనోబ్లాక్ వద్దు, దాని ఫ్లోట్ (పెట్రోల్ మట్టాన్ని పట్టి ఉంచేది) పక్కన ఉంటుంది కాబట్టి ఒక వైపు మలుపులో పెట్రోల్ ఎక్కువవుతుంది, రెండో వైపు మలుపులో తక్కువవుతుంది. అమాల్ కాన్‌సెంట్రిక్‌లో బౌల్ జెట్ చుట్టూ ఉంటుంది, ఆ గొడవ చాలా తక్కువ.

ఇప్పటికే నార్టన్ చేతిలో ఉన్నవాళ్లు దాన్ని అమ్మి ట్రయంఫ్ కొనక్కర్లేదు. కేసులు విప్పి మెయిన్ బేరింగ్ చుట్టూ పగుళ్లున్నాయేమో చూసి, సూపర్‌బ్లెండ్ వేసి, టాకోమీటర్ మీద 6500 దగ్గర ఎర్ర గీత గీసుకోండి, పక్కన వేలాడే ప్యాసింజర్ ఎంత అరిచినా అది దాటకండి.