పదమూడేళ్ళుగా చూస్తున్న ఎఫ్‌ఎల్‌సీఎల్: ఆ గందరగోళంలో ఏముంది?

ఎఫ్‌ఎల్‌సీఎల్ అనే జపనీస్ యానిమే సిరీస్ మొదటిసారి చూసింది 2011లో, ఇంజినీరింగ్ హాస్టల్లో, రూమ్మేట్ లాప్‌టాప్‌లో. రెండో ఎపిసోడ్ సగంలోనే ఆపేశాను. పసుపు రంగు వెస్పా మీద హారుకో అనే అమ్మాయి దూసుకొచ్చి, పన్నెండేళ్ళ నవోతాని గుద్దేసి, బేస్ గిటార్‌తో వాడి నెత్తిన కొడుతుంది. ఆ దెబ్బకి నుదుటి మీద కొమ్ము మొలుస్తుంది. తర్వాత వాడి తలలోంచి, టీవీయే తలకాయగా ఉన్న రోబో ఊడిపడుతుంది. ఇదంతా మొదటి ఎపిసోడ్‌లోనే. ఎవరు, ఎందుకు, ఏమిటి అని అడిగే తీరిక కూడా ఇవ్వరు. నాకు తల తిరిగిపోయింది.

ఇప్పటికి మొత్తం సిరీస్ తొమ్మిది పదిసార్లు చూసి ఉంటాను. ఎన్నిసార్లు అన్నది పెద్ద గొప్పేం కాదు, ఉన్నవే ఆరు ఎపిసోడ్లు, అంతా కలిపి రెండున్నర గంటలు. 2000 ఏప్రిల్ నుంచి 2001 మార్చి దాకా, టీవీలో కాకుండా నేరుగా వీడియోగా విడుదలయ్యాయి. గైనాక్స్, ప్రొడక్షన్ ఐజీ అనే స్టూడియోలు కలిసి తీశాయి. దర్శకుడు కజుయా త్సురుమాకి అంతకుముందు ఇవాంజెలియన్ అనే పేరున్న యానిమేకి సహాయ దర్శకుడిగా పనిచేశాడు. రచన యోజి ఎనోకిడో.

నేను మళ్ళీ దీని దగ్గరికి రావడానికి కారణం మా అన్నయ్య. నవోతా అన్న తసుకు బేస్‌బాల్ ఆడటానికి అమెరికా వెళ్ళిపోతాడు. ఇంట్లో అన్న మంచం ఖాళీ. అన్నని ప్రేమించిన మమీమి, అన్న లేని లోటు తీర్చుకోవడానికి తమ్ముడి చుట్టూ తిరుగుతుంటుంది. అన్నకి అక్కడ ఇంకో అమ్మాయి దొరికిందని ఫొటోతో సహా ఇంటికి వస్తే, ఆ సంగతి మమీమికి చెప్పలేక నవోతా పడే ఇబ్బంది ఉంటుంది చూడండి, దాన్ని మొదటిసారి నేను గమనించనే లేదు. మా అన్నయ్య ఎంఎస్ కోసం అమెరికా వెళ్ళిన ఏడాది మళ్ళీ చూస్తే అదొక్కటే కనపడింది. మా ఇంట్లో కూడా వాడి క్రికెట్ బ్యాట్ తలుపు వెనకాలే ఉండిపోయింది. ఎవరూ తీయలేదు.

అప్పటి నుంచి ఇలాంటి పిచ్చి పిచ్చి సిరీస్‌లకి నేను పెట్టే పరీక్ష ఒకటే. తెర మీద జరిగే వింత ఎవరి మనసులోంచి పుట్టిందో చెప్పగలమా? ఎఫ్‌ఎల్‌సీఎల్‌లో దాదాపు ప్రతిసారీ చెప్పగలం. కొమ్మునే తీసుకోండి. నవోతా దాని మీద బ్యాండేజీ అంటించుకుని తిరుగుతాడు. ఆ వయసులో మొహం మీద మొటిమ వచ్చినా, గొంతు మారినా పిల్లలు పడే సిగ్గు అది. ఊరి మధ్యలో ఇస్త్రీపెట్టె ఆకారంలో పెద్ద ఫ్యాక్టరీ ఉంటుంది, దానిలోంచి వచ్చే ఆవిరి ఊరంతా కమ్మేస్తుంది. మనుషుల మెదడులో ముడతలు పోయేలా ఇస్త్రీ చేసేయడమే దాని పని అని చివర్లో తెలుస్తుంది. అప్పటికి మాత్రం ఆ ఇస్త్రీపెట్టె నీడలో బతికే మబాసే ఊరి నీరసం మనకీ పట్టేసి ఉంటుంది. ఇక్కడ గొప్ప విషయాలేవీ జరగవు, అంతా మామూలే అని నవోతా మొదట్లోనే అంటాడు. ఈ వింతలన్నీ జరుగుతున్నా వాడు అదే నమ్ముతుంటాడు.

నాలుగో ఎపిసోడ్ గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. నవోతా ఎప్పుడూ బ్యాట్ మోసుకు తిరుగుతాడు, కానీ ఊపడు. ఊపకపోతే గురి తప్పే అవమానం ఉండదు కదా. అలాంటివాడి ఊరి మీదికి ఆకాశంలోంచి బాంబు పడుతుంటుంది, దాన్ని కొట్టాల్సింది వాడే. కొట్టడానికి బ్యాట్ కాదు, వాడి తలలోంచి బయటికి లాగిన గిటార్. కథగా చెబితే నవ్వొస్తుంది. చూస్తున్నప్పుడు, వెనక ది పిల్లోస్ బ్యాండ్ గిటార్లు మోగుతుంటే, నాకు గొంతు పట్టేస్తుంది. పోయిన సంక్రాంతికి అన్నయ్య వచ్చినప్పుడు ఈ ఒక్క ఎపిసోడ్ చూపించాను. వాడికి ముందూ వెనకా కథ తెలియదు. అయిపోయాక కాసేపు మాట్లాడలేదు, తర్వాత తన బ్యాట్ ఎక్కడుందని అడిగాడు.

పాటల్ని విడిగా మెచ్చుకోవాలి. ది పిల్లోస్ పాటల్ని సీన్ల వెనక నింపడానికి వాడలేదు. చాలా చోట్ల పాట నడకని బట్టే సీన్ నడుస్తుంది. చివర్లో వచ్చే 'రైడ్ ఆన్ షూటింగ్ స్టార్' నా ఫోన్‌లో ఎప్పుడూ ఉంటుంది.

నచ్చనివి కూడా ఉన్నాయి. హారుకో ఆ పిల్లాడితో ప్రవర్తించే తీరు, పెద్దవాళ్ళ ద్వంద్వార్థాలు నాకు వయసు పెరిగేకొద్దీ ఇంకా ఇబ్బందిగా అనిపిస్తున్నాయి. ఆమె వాణ్ణి వాడుకుంటోందని కథకి తెలుసు, చివర్లో ఆ మాట ఒప్పుకుంటుంది కూడా. అయినా కొన్ని జోకులు అక్కర్లేదు. చిన్నపిల్లలకి చూపించకండి. ఐదో ఎపిసోడ్‌లో వేరే సిరీస్‌ల బొమ్మల్ని అనుకరించే ఆటలు ఎక్కువై, నా పరీక్షలో అదొక్కటే తప్పింది. నేను చూసింది జపనీస్ మాటలు, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో. మాటల గారడీ సగం జారిపోతుంది. సిరీస్ పేరుని పలికేది 'ఫూలీ కూలీ' అని, అంటే ఏమిటని కథలో నవోతా ఇంట్లోవాళ్ళే అడుగుతుంటారు, తిన్నగా జవాబు చెప్పేవాళ్ళు ఉండరు.

2018లో వచ్చిన రెండు కొనసాగింపులూ చూశాను. ప్రోగ్రెసివ్‌లో గిటార్, రోబో, వెస్పా అన్నీ ఉన్నాయి, అవి పుట్టడానికి కావాల్సిన బాధ తక్కువ. ఆల్టర్నేటివ్‌లో నలుగురు స్నేహితురాళ్ళ మధ్య సంగతులు బాగున్నాయి. 2023 నాటి వాటి జోలికి వెళ్ళాలనిపించలేదు.

కొత్తగా చూసేవాళ్ళు ఆరూ ఒకే రాత్రి చూడకండి, నాలాగే మీకూ తల తిరిగిపోతుంది. రోజుకి ఒకటి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. మొదటి ఎపిసోడ్‌లో ఇంటిల్లిపాదీ భోజనం చేసే సీన్ ఉన్నట్టుండి మాంగా, అంటే జపనీస్ కామిక్స్ పుస్తకం, పేజీలుగా మారిపోతుంది, కెమెరా ఒక గడిలోంచి ఇంకో గడిలోకి దూకుతుంది. అక్కడ అర్థం కావట్లేదని పాజ్ చేసి వెనక్కి వెళ్ళకండి. ఆ హోరులో ఒక్క మాటా మాట్లాడలేక కూర్చున్న నవోతా మొహం చూస్తూ ఉండండి.