పాత బంగళా తోటకు కొత్త రూపం: ఒక ల్యాండ్‌స్కేప్ సంస్థ పనితీరు

గుంటూరు శివారులో, పొగాకు వ్యాపారం ఊపు మీదున్న రోజుల్లో మా తాతగారు కట్టించిన బంగళా చుట్టూ ఉన్న ఎకరం తోటను ఆధునిక పద్ధతిలో తీర్చిదిద్దే పనిని విజయవాడకు చెందిన ఒక ల్యాండ్‌స్కేప్ సంస్థకు అప్పగించాము. పని ముగిశాక ఒక వేసవి, ఒక వానాకాలం గడిచాయి కనుక ఇప్పుడు మంచిచెడ్డలు చెప్పడం న్యాయం.

నాకు అన్నిటికన్నా నచ్చినది, నక్షా గీయకముందే వారు చెట్లను కొలవడం. పాత మామిళ్లు, సపోటాలు, సంపెంగ, బావి పక్కనున్న పొగడ ఎక్కడెక్కడ ఉన్నాయో, కొమ్మలు ఎంత మేర పరచుకున్నాయో, మొదళ్ల దగ్గర నేల మట్టం ఎంతో రాసుకొని, ఆ కొలతలకు లోబడే బాటలను, అరుగులను అమర్చారు. చదును చేసే పేరుతో పెద్ద చెట్ల మొదళ్లపై అడుగెత్తు మట్టి కప్పేయడం మన వైపు తరచుగా చూస్తాము. నీరు పీల్చే సన్నని వేళ్లు ఎక్కువగా పై రెండడుగుల నేలలోనే ఉంటాయి కాబట్టి, గాలి అందక అటువంటి చెట్టు కొన్నేళ్లలో ఎండిపోయే ప్రమాదం ఉంది. ఇక్కడ ఒక్క చెట్టుకూ ఆ గతి పట్టలేదు.

నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. దానిమీద పోసిన కాంక్రీటు బాట ఎక్కువ కాలం నిలవదు. వీరు కంకర, ఇసుక పరచి, పాత వసారాలో తీసిన నాపరాళ్లనే సందులు వదిలి సూటి వరుసల్లో పేర్చారు. కుంగిన రాయిని లేపి మళ్లీ సర్దుకోవచ్చు, వాన నీరూ ఇంకుతుంది. డాబా మీది నీటిని వడపోత గుంత గుండా గిలక బావిలోకి మళ్లించారు. కొత్తదనమంతా ఈ సూటి గీతల్లోనూ, పది రకాలు కలగలపకుండా ఒకే మొక్కను బారుగా నాటడంలోనూ ఉంది. విదేశీ అలంకార గడ్డికి బదులు వట్టివేరు దుబ్బులు నాటాలన్న ఆలోచన వారిదే, అది ఎంతో బాగా కుదిరింది.

మొక్కల విషయంలో మాత్రం పూర్తి మార్కులు ఇవ్వలేను. మొదటి నక్షాలో ప్రహరీ వెంట కోనోకార్పస్ అనే విదేశీ చెట్టును చూపారు. దాని వేళ్లు పైపుల్లోకి చొరబడతాయన్న ఫిర్యాదులు ఎన్నో ఉన్నాయని అభ్యంతరం చెప్పాక నందివర్ధనానికి ఒప్పుకొని, కడియం నర్సరీల నుంచి మంచి మొక్కలనే తెప్పించారు. మామిళ్ల కింద పరచిన పచ్చిక ఎండ చాలక పలచబడి, మట్టి కనిపిస్తోంది. ఆ నీడలో లాన్ నిలవదని ముందే చెప్పి ఉండవలసింది.

అసలు లోటు నిర్వహణలో ఉంది. మా బోరు నీటిలో ఉప్పు ఎక్కువ కావడంతో మే నెలలో మొక్కలకు చుక్కచుక్కగా నీరందించే డ్రిప్పర్లు పూడుకుపోయాయి. ఏడాది బాధ్యత తమదేనన్న సంస్థ, ఎన్నిసార్లు ఫోన్ చేసినా, వారాల తరబడి మనిషిని పంపలేదు. చివరికి మా తోటమాలే వాటిని ఊడదీసి శుభ్రం చేశాడు. నక్షాకు, రాతిపనికి వీరిని నిస్సందేహంగా సిఫార్సు చేస్తాను. నిర్వహణకు ఒప్పందంలో రోజులు, పనులు విడివిడిగా రాయించుకొని, చివరి విడత డబ్బు వేసవి దాటేవరకు ఆపుకోవడం మేలు.