గుడ్‌ల్యాండ్‌లో ఈ వేసవి ఎలా ఉంటుంది? ఏ అంచనాను నమ్మితే మేలు?

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం వాయవ్య మూలన, కొలరాడో సరిహద్దుకు ఇరవై మైళ్ల లోపే ఉంటుంది గుడ్‌ల్యాండ్. జనాభా నాలుగున్నర వేలకు మించదు. సముద్ర మట్టానికి సుమారు 3,700 అడుగుల ఎత్తు. చుట్టూ కనుచూపు మేర గోధుమ, మొక్కజొన్న, జొన్న, పొద్దుతిరుగుడు చేలు. డెన్వర్ నుంచి కాన్సాస్ సిటీకి ఐ-70 మీద కారులో వెళ్లే మనవాళ్లు కాసేపు ఆగే ఊరు ఇది. పెద్ద స్టాండు మీద నిలబెట్టిన వాన్ గో పొద్దుతిరుగుడు పూల బొమ్మ దీని గుర్తు. హై ప్లెయిన్స్ అనే ఎత్తైన మైదానాల్లో ఇలాంటి చిన్న ఊళ్లు వందలున్నాయి. ఏప్రిల్, మే వచ్చేసరికి వాటన్నిటిలో నడిచే చర్చ ఒక్కటే: ఈ వేసవిలో ఎండ ఎంత, వాన ఎంత?

జవాబు చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఓల్డ్ ఫార్మర్స్ అల్మనాక్ ఉంది. ప్రభుత్వ క్లైమేట్ ప్రిడిక్షన్ సెంటర్ ఇచ్చే మూడు నెలల అంచనా ఉంది. ముప్ఫై ఏళ్ల సగటు లెక్కలున్నాయి. వారం వారం వచ్చే కరువు పటం ఉంది. ఊళ్లోనే ఉన్న నేషనల్ వెదర్ సర్వీస్ కార్యాలయం రోజూ ఇచ్చే అంచనా ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎండ గురించి అయితే మూడు నెలల అంచనా పనికొస్తుంది. వాన గురించి అయితే నేలలో ఇప్పుడున్న పదును, ముప్ఫై ఏళ్ల సగటు కలిపి చూసుకోవడం మేలు. వడగళ్ల గురించి అయితే ఆ రోజు ఉదయం వచ్చే అంచనా తప్ప ఇంకేదీ అక్కరకు రాదు.

అల్మనాక్ సంగతి త్వరగా తేల్చేయవచ్చు. ఇది 1792లో మొదలైంది, ఇప్పటికీ ఏటా వస్తోంది. న్యూ హాంప్‌షైర్‌లోని డబ్లిన్ ఊళ్లో ఒక నల్ల పెట్టెలో దాచిన రహస్య సూత్రం ప్రకారం, సూర్యుడి మీది మచ్చల లెక్కలు కూడా కలుపుకొని, ఏడాది ముందే వాతావరణం చెబుతారు. హై ప్లెయిన్స్‌కి విడిగా ఒక భాగం ఉంటుంది. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో మేఘాధిపతి ఎవరో, ఎన్ని తూముల వానో వినే అలవాటున్న మనకు ఇలాంటి పుస్తకం మీద జనానికి ఉండే ప్రేమ సులువుగానే అర్థమవుతుంది. తమ అంచనాలు 80 శాతం దాకా నిజమవుతాయని వాళ్లు చెప్పుకుంటారు. కానీ 1981లో ఇద్దరు పరిశోధకులు ఐదేళ్ల నెలవారీ అంచనాలను అసలు లెక్కలతో పోల్చి చూశారు. వేడి సగటు కంటే ఎక్కువా తక్కువా అన్నది 50.7 శాతం సార్లు, వాన విషయం 51.9 శాతం సార్లు సరిపోయాయి. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. చదువుకోవడానికి మంచి పుస్తకమే, విత్తనం కొనడానికి మాత్రం ఆధారం కాదు.

క్లైమేట్ ప్రిడిక్షన్ సెంటర్ అంచనాను మాత్రం తీరిగ్గా చూడాలి. దాన్ని తప్పుగా చదివేవాళ్లే ఎక్కువ. ప్రతి నెలా మూడో గురువారం కొత్త పటాలు వస్తాయి. జూన్, జూలై, ఆగస్టులకు చివరి పటం మే మూడో గురువారం వస్తుంది. అందులో ఎన్ని డిగ్రీలు, ఎన్ని అంగుళాలు అని ఉండదు. 1991–2020 మధ్య ముప్ఫై వేసవులను మూడు సమాన భాగాలు చేస్తారు: వేడివి, మామూలువి, చల్లనివి. వచ్చే వేసవి ఏ భాగంలో పడొచ్చో శాతాల్లో చెబుతారు. ఏమీ తెలియకపోయినా ఒక్కో భాగానికి 33 శాతం ఉంటుంది. కాబట్టి గుడ్‌ల్యాండ్ మీద ఎర్ర రంగు పూసి ‘సగటు కంటే వేడి, 40 శాతం’ అని రాస్తే, మామూలుగా ఉండే అవకాశం 33, చల్లగా ఉండే అవకాశం 27 అని కూడా అందులోనే ఉంది. ఆ ఎర్ర రంగు చూసి ‘ఈ ఏడు మాడిపోతాం’ అని టెన్షన్ పడటం తప్పు. 33 నుంచి 40కి పెరగడం చిన్న మొగ్గు, అంతే. అయితే ఇలాంటి చిన్న మొగ్గు ఏళ్ల తరబడి ఒకే వైపు ఉంటే లాభమే. వేడి విషయంలో అది నిజంగానే ఉంది, ఎందుకంటే వేసవులు దీర్ఘకాలంగా వేడెక్కుతూ వస్తున్నాయి. వేడి పటం సరిపోవడంలో చాలా భాగం ఆ వేడెక్కడం నుంచే వస్తుంది.

వాన పటం దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. చాలా ఏళ్లలో ఈ మైదానాల మీద ఏ రంగూ ఉండదు, ‘సమాన అవకాశాలు’ అని వదిలేస్తారు. డబ్బు పోసి నడిపే కేంద్రం చేతులెత్తేసిందని కొందరు విసుక్కుంటారు. నాకు మాత్రం అందులో నిజాయితీ కనిపిస్తుంది. ఈ వానలు ఎలా పడతాయో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

రాకీ పర్వతాలు పడమటి తేమను అడ్డుకుంటాయి. పడమటి కనుమల వెనక వాననీడలో ఉన్న మన అనంతపురం పరిస్థితి లాంటిదే ఇది. అక్కడ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, ఇక్కడ 500 లోపే, అంటే 20 అంగుళాలు కూడా దాటదు. పోలిక అంతవరకే. అనంతపురానికి రుతుపవనాలు అనే పెద్ద యంత్రాంగం ఉంది, దానికి పసిఫిక్ సముద్రంతో గట్టి ముడి ఉంది. ఎల్ నినో, అంటే పసిఫిక్ నీళ్లు మామూలు కంటే వేడెక్కడం, అనగానే మన రైతు గుండె గుభేలుమనడానికి కారణం అదే. హై ప్లెయిన్స్ వేసవికి ఆ ముడి బలహీనం. అమెరికాలో ఎల్ నినో, ఆ నీళ్లు చల్లబడే లా నినా తమ బలమంతా ఎక్కువగా చలికాలంలో చూపిస్తాయి. కాబట్టి ఇంటి నుంచి ఫోన్ చేసి ‘ఈసారి ఎల్ నినో అట కదా, మీకూ కరువేనా’ అని అడిగితే, అక్కడి జూలైకి ఆ లెక్క సరిపోదు.

గుడ్‌ల్యాండ్ వాన ఉరుముల వాన. మధ్యాహ్నం పర్వతాల దగ్గర మబ్బులు లేస్తాయి, సాయంత్రానికి తూర్పుకు కదులుతాయి. రాత్రిపూట మెక్సికో సింధుశాఖ నుంచి తేమ మోసుకొచ్చే దక్షిణపు గాలి వాటికి బలమిస్తుంది. ఒక మబ్బు రెండు మైళ్లు అటు జరిగితే ఒకరి జొన్న చేను తడుస్తుంది, పక్కవాడిది ఎండుతుంది. ఒకే రాత్రి రెండంగుళాలు పడి, తర్వాత మూడు వారాలు చుక్క రాలకపోవచ్చు. అలాంటి వాన మూడు నెలల మొత్తం ఎంతవుతుందో మే నెలలో చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

2012ను చూడండి. ఆ మే–ఆగస్టులో మధ్య మైదానాల్లో పడిన వాన 1895 నుంచి ఉన్న లెక్కల్లోకెల్లా తక్కువ. డస్ట్ బౌల్ అనే ధూళి తుపానుల కరువు కాలపు 1934, 1936 కంటే కూడా తక్కువ. జూన్ చివర్లో గుడ్‌ల్యాండ్‌కు తూర్పున ఉన్న హిల్ సిటీలో 115 ఫారెన్‌హీట్, అంటే 46 సెల్సియస్ నమోదైంది. అంత పెద్ద కరువుకు ముందస్తు హెచ్చరిక ఏదీ రాలేదు. మరుసటి ఏడు అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా శాస్త్రవేత్తలు కారణాలు వెతికితే, సింధుశాఖ నుంచి రావలసిన తేమ రాకపోవడమే ప్రధానమని, వాతావరణంలో సహజంగా వచ్చే హెచ్చుతగ్గుల వల్లే అలా జరిగిందని తేలింది. ముందే పసిగట్టే సంకేతం సముద్రాల్లో గట్టిగా లేదు.

గడువుల సంగతి కూడా ఉంది. కాన్సాస్‌లో మొక్కజొన్న, జొన్న లాంటి పంటలకు బీమా తీసుకోవడానికి ఆఖరి రోజు మార్చి 15. కాస్త నమ్మదగిన మే పటం వచ్చేసరికి రైతు ఆ నిర్ణయం తీసేసుకుని ఉంటాడు. అతని చేతికి అందేది ఫిబ్రవరి పటం, అది ఇంకా బలహీనం.

మరి రైతు దేన్ని పట్టుకోవాలి? ముందుగా ముప్ఫై ఏళ్ల సగటును. గుడ్‌ల్యాండ్ జూలైలో పగలు సుమారు 90 ఫారెన్‌హీట్ (32 సెల్సియస్), రాత్రి 60 దాటి కొంచెం (16, 17 సెల్సియస్). ఎత్తు, పొడి గాలి వల్ల పొద్దు వాలగానే చల్లబడుతుంది. 100 దాటే రోజులు దాదాపు ఏటా కొన్ని వస్తాయి. మే నుంచి ఆగస్టు దాకా నెలకు ఇంచుమించు మూడంగుళాల వాన, ఏడాది మొత్తంలో సగానికి పైగా ఈ నాలుగు నెలల్లోనే. కొత్తగా ఆ ఊరికి ఉద్యోగానికి వెళ్లే కుటుంబానికి, పెరట్లో టమోటా వేసుకునేవాళ్లకు ఈ లెక్కలే చాలు. ఒక్క జాగ్రత్త: వాన సగటును కొన్ని కుంభవృష్టి ఏళ్లు పైకి లాగుతాయి, అందుకే సగటు కంటే తక్కువ పడే వేసవులే ఎక్కువ ఉంటాయి.

రెండోది నేల. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఇదే. మెట్ట సాగులో దిగుబడి చాలా వరకు విత్తేనాటికి నేలలో దాగిన నీటి మీదే నిలుస్తుంది. అక్కడి రైతులు ఇనుప కడ్డీని పొలంలో గుచ్చి చూస్తారు. అది సులువుగా ఎంత లోతు దిగితే అంత మేర పదును ఉన్నట్టు. మూడు నాలుగు అడుగులు దిగితే వేసవి కాస్త మొండికేసినా జొన్న నిలబడుతుంది. అడుగు దగ్గరే ఆగిపోతే సగటు వాన పడినా చాలదు. పైగా ఎండిన నేల ఎండను పెంచుతుంది. ఆవిరి కావడానికి తేమ లేకపోతే సూర్యుడి వేడంతా గాలిని కాల్చడానికే పోతుంది. కాబట్టి మే చివర్లో నేల పొడిగా ఉందంటే జూలై వేడి గురించి కూడా ఒక సమాచారం దొరికినట్టే. కడ్డీ పట్టుకోని ఊరివాళ్లకు కరువు పటం ఉంది. 1999 నుంచి ప్రతి గురువారం వస్తోంది, నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలోని కరువు కేంద్రం, వ్యవసాయ శాఖ, నోవా కలిసి తయారుచేస్తాయి. అది జోస్యం కాదు, ఇవాళ ఎలా ఉందో చెబుతుంది. వేసవి మొదట్లో ఆ మాటకే బరువెక్కువ.

ఇక వడగళ్లు. గుడ్‌ల్యాండ్‌కు పడమర సుమారు 40 మైళ్ల దూరంలో, కొలరాడోలోని బెతూన్ దగ్గర 2019 ఆగస్టు 13న 4.83 అంగుళాల వడగల్లు పడింది. 2023 దాకా ఆ రాష్ట్రంలో అదే రికార్డు. జూన్ చివర, జూలై మొదట్లో గోధుమ కోతకు వచ్చే సమయంలో పావుగంట వడగళ్లు పడితే ఏడాది కష్టం నేలపాలవుతుంది. ఈ ముప్పు ఏ మూడు నెలల పటంలోనూ కనిపించదు. ఓక్లహోమాలోని నార్మన్ నుంచి స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ భీకర ఉరుముల వానల ముప్పును ఐదు మెట్లుగా రోజూ చెబుతుంది. గుడ్‌ల్యాండ్ కార్యాలయం తన పరిధిలోని మూడు రాష్ట్రాల జిల్లాలకు హెచ్చరికలిస్తుంది. ఆ అంచనా ఎందుకలా వేశారో, ఎక్కడ అనుమానం ఉందో అక్కడి నిపుణులు రోజూ మామూలు మాటల్లో రాస్తారు, అది చదవడం తప్పకుండా అలవాటు చేసుకోవాలి.

ఐ-70 మీద వెళ్లేవాళ్లకు సలహా కూడా ఇందులోనే ఉంది. జూన్, జూలైల్లో డెన్వర్ నుంచి బయల్దేరితే ఉదయమే బయల్దేరండి. గుడ్‌ల్యాండ్ మూడు గంటల దారి, మబ్బులు లేచే వేళకు దాటిపోవచ్చు. మధ్యాహ్నం తర్వాత తప్పదంటే దారిలో కొలరాడోలోని బర్లింగ్టన్‌లోనో గుడ్‌ల్యాండ్‌లోనో ఆగి, రాడార్ చూసుకుని కదలండి. వడగళ్లు తప్పించుకోవడానికని వంతెన కింద రోడ్డు మీదే కారు ఆపడం మాత్రం వద్దు, వెనక వచ్చేవాళ్లకు ఏమీ కనిపించదు.

ఆ ఊళ్లలోనే ఉండేవాళ్లు చేయగలిగింది ఇంకొకటి ఉంది. 1997లో ఫోర్ట్ కాలిన్స్‌లో వచ్చిన వరద తర్వాత, మరుసటి ఏడు కొలరాడో స్టేట్ యూనివర్సిటీ దగ్గర కోకోరాస్ అనే స్వచ్ఛంద బృందం మొదలైంది. నాలుగంగుళాల వెడల్పున్న వానమాపకం పెరట్లో పెట్టుకుని, ఉదయాన్నే చూసి లెక్క పంపితే చాలు. విమానాశ్రయంలో ఒక్క మాపకం చెప్పే వానకూ ఊరి అవతలి చేలో పడిన వానకూ ఎంత తేడా ఉందో ఆ లెక్కల్లోనే బయటపడుతుంది. వారం వారం కరువు పటం గీసేవాళ్లు వాటినీ చూస్తారు.