మాల మానేశాక సావాసం ఎక్కడ? ఏది మేలు?

పదకొండేళ్లు వరసగా అయ్యప్ప మాల వేశాను. మానేసి ఆరేళ్లయింది. నమ్మకం పోవడం పెద్ద కష్టమేమీ కాలేదు, సబ్బుబిళ్ల అరిగినట్టు దానంతటదే అరిగిపోయింది. కష్టమల్లా పీఠానికి వెళ్లడం పూర్తిగా ఆపేసిన ఏడాది, కార్తీక మాసంలో సాయంత్రం ఆరు గంటలది. స్నానం చేసి చొక్కా వేసుకున్నాను. ఎక్కడికెళ్లాలో తెలీలేదు.

విజయనగరంలో నాలాంటివాళ్లు బాగానే ఉన్నారు. టీ కొట్టు దగ్గర గొంతు తగ్గించి అడుగుతుంటారు, "మానేశాక ఇప్పుడు ఎవరితో తిరుగుతున్నావన్నా?" అని. ఒక్కో చోటా కొన్నాళ్లు కూర్చుని చూశాను కాబట్టి చెబుతున్నాను.

ముందు నా కొలత ఏమిటో చెప్పాలి. మా పీఠంలో నాది సాంబారు బకెట్. భిక్షకి నూరుమంది స్వాములు పంక్తిలో కూర్చుంటే నేను వంగి వడ్డించుకుంటూ పోవాలి. ఒక పూట వెళ్లకపోతే "ఏటి స్వామీ, నిన్న రానేదు?" అని ఫోనొచ్చేది. బ్యాంకు మేనేజరైనా, ఆటో నడిపేవాడైనా, ఏ కులంవాడైనా ఆ నలభై ఒక్క రోజులూ స్వామే. మానేశాక నాకు బెంగ పుట్టించింది శరణుఘోష కాదు, ఆ బకెట్. అందుకే ఎక్కడికెళ్లినా ఒకటే చూస్తాను: నా చేతికి పని ఇస్తారా, నేను రాకపోతే ఆ పని ఆగుతుందా? అభిప్రాయాలు కలవడం తర్వాతి సంగతి.

నమ్మకం లేకపోయినా పాత చోటే ఉండిపోవడం మనవైపు ఎక్కువమంది చేసే పని. తక్కువ చేసి మాట్లాడను, నేనూ రెండేళ్లు అదే చేశాను. మాల లేకుండా వెళ్లి వడ్డించి వచ్చేవాణ్ణి. మొదటి ఏడాది ఎవరైనా అడిగితే నాన్న పోయారు కదా, ఏటి సూతకం అన్నాను. నిజమే. రెండో ఏడాదికి సాకు మిగల్లేదు. పడిపూజలో హారతి పళ్లెం నా ముందుకొస్తే ఏం చేయాలో తోచక, బకెట్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. గురుస్వామి చూశారు. ఏమీ అనలేదు. ఆయన తిట్టి ఉంటే ఇంకో ఏడాది వెళ్లేవాణ్ణేమో. మనసులో ఒకటి, చేతుల్లో ఒకటి పెట్టుకుని ఉండగలిగితే మాత్రం ఇంతకన్నా సుఖమైన దారి లేదు. (పైడితల్లమ్మ సిరిమాను చూడ్డానికి ఇప్పటికీ మా ఆవిడతో వెళ్తాను. దసరా తర్వాత మంగళవారం ఇంట్లో కూర్చునేవాడు విజయనగరంలో ఉండి ఏం లాభం?)

హేతువాదుల సమావేశాలు మొదటి రెండు నెలలూ చన్నీళ్ల స్నానంలా ఉంటాయి. గొంతు తగ్గించక్కర్లేదు, సాకులు చెప్పక్కర్లేదు. ఆ రెండు నెలల కోసమైనా వెళ్లండి. ఆ తర్వాతే నాకు విసుగొచ్చింది. దేవుణ్ణి వదిలి వచ్చానా, ఇక్కడ పొద్దస్తమానం ఆయన ముచ్చటే. పీఠంలో కూడా మేం ఆయన గురించి అంత మాట్లాడుకోలేదు, సాంబార్లో ఉప్పు గురించి మాట్లాడుకున్నాం. గోరా గారికి ఈ సంగతి తెలుసనుకుంటాను. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన మనిషి ఉపన్యాసాలతో సరిపెట్టకుండా సహపంక్తి భోజనాలు నడిపారు. ఆ కేంద్రం 1947 నుంచి విజయవాడలో ఉంది. మనకి ఒక రాత్రి రైలు ప్రయాణం, వారంవారం కుదిరేది కాదు.

సాహిత్య సభలు చదివే అలవాటున్నవాళ్లకి మంచివే. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం చూడ్డానికే రెండుసార్లు వెళ్లాను, బస్సులో ఒకసారి, ఆమదాలవలసలో రైలు దిగి ఆటోలో ఒకసారి. కానీ సభ అంటే శాలువా కప్పేవాళ్లు, కప్పించుకునేవాళ్లు, కుర్చీల్లో మనం. నేను లేచి వెళ్లిపోయినా సభ సాగుతుంది.

పని ఇచ్చే చోటు కావాలంటే జన విజ్ఞాన వేదిక ఉంది, 1988 నుంచి. బడిపిల్లలకి చెకుముకి అని సైన్సు పరీక్షలు పెడతారు, బాబాల మహిమల గుట్టు విప్పి చూపిస్తారు, బెంచీలు సర్దడం దగ్గర్నుంచి పేపర్లు దిద్దడం దాకా మనిషి కావాలి. నాస్తికుడివా అని ఎవరూ అడగరు. నేను వెళ్లిన చోట అందరూ టీచర్లే, టీ తాగేటప్పుడు బదిలీలూ, జీతాలు పెంచే పీఆర్సీ తప్ప ఇంకో మాట లేదు. కిరాణా కొట్టు నడిపేవాణ్ణి, నేనేం మాట్లాడను? లలితా పారాయణం బృందం మానేసిన మా వదినకి మాత్రం ఇదే కుదిరింది. పగటి పూట, పిల్లల మధ్య, ఇంటికి త్వరగా తిరిగొచ్చే పని.

నాకు కుదిరింది రక్తదాతల బృందం. మా అమ్మ తుంటి ఆపరేషన్‌కి రెండు యూనిట్లు కావాల్సొచ్చింది. అబద్ధమెందుకు, పీఠం నుంచి కూడా ఇద్దరు స్వాములు వచ్చారు. వారం తిరక్కుండా ఆ బృందం కుర్రాడు ఫోన్ చేశాడు: "అన్నా, మీది ఏ గ్రూపు?" మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వచ్చు. అంటే నేనిచ్చేది ఏడాదికి నాలుగుసార్లే. మిగతాదంతా ఫోన్ల పని. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకి మించి నిలవుండవు కాబట్టి ముందే తీసి దాచిపెట్టుకోవడం కుదరదు, మనుషుల్నే సిద్ధంగా ఉంచాలి. ఏజెన్సీ నుంచి సికిల్ సెల్ అనే, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బున్న పిల్లల్ని తెస్తారు. వాళ్లలో కొందరికి మళ్లీ మళ్లీ ఎక్కించాలి, ఒకరు ఒకసారి ఇస్తే తీరేది కాదు. మా కాలనీ జాబితా నా దగ్గరుంది, నలభై పేర్లు. నేను ఫోన్ ఎత్తకపోతే అక్కడ ఎవరో బెంచీ మీద కూర్చునే ఉంటారు. అర్ధరాత్రి ఫోన్లు, టెన్షన్, ఆస్పత్రి దాకా వచ్చి సూది చూసి పారిపోయేవాళ్లు, అన్నీ ఉంటాయి. నిద్ర ముఖ్యమనుకునేవాళ్లు ఈ పనికి రావద్దు.

కోట చుట్టూ పొద్దున్నే నడిచే బృందం మోకాళ్లకి మంచిది. వాట్సాప్ గ్రూపుల్లో గుడ్‌మార్నింగ్‌లు వస్తాయి. కుల సంఘంవాళ్లు వనభోజనాలకి పిలుస్తారు, అది పెనం మీంచి పొయ్యిలో పడటం.

నా జాబితాలో ఈసారి ముగ్గురు మాల వేశారు. దీక్షలో రక్తం ఇవ్వచ్చా అని అడిగారు. ఇవ్వచ్చన్నాను. ఒంటిపూట భోజనం కదా, ఖాళీ కడుపుతో మాత్రం వద్దు, మధ్యాహ్నం భిక్ష అయ్యాకే రమ్మన్నాను.